పెరటి చెట్ల ఆకులకు మచ్చలు: మందు కొట్టాలా, కొమ్మలు కొట్టాలా?

సుధ_సైనిక్‌పురి | ఆగస్టు 9, ఉదయం 8:15

అందరికీ నమస్కారం. మా పెరట్లో మామిడి, నిమ్మ, అంజీర, జామ ఉన్నాయి. మామిడి బంగినపల్లి. మా మామగారు నాటిన చెట్టు, ఇప్పుడు రెండో అంతస్తు దాటి పక్కవారి మేడ మీదికి వాలింది. ఈ వానలకు నాలుగు చెట్ల ఆకులూ పాడవుతున్నాయి.

మామిడి లేత ఆకుల మీద ముదురు గోధుమ రంగు మచ్చలు, కొన్ని ఎండిపోయి చిల్లులు పడ్డాయి. నిమ్మ ఆకులకూ కాయలకూ గరుకు బొడిపెలు, ఆకు మీద ఒక్కో బొడిపె చుట్టూ పసుపు వలయం. అంజీర ఆకు తిరగేస్తే నారింజ రంగు పొడి వేలికి అంటుతోంది. జామ ఆకుల మీద నల్లని మసి, గోటితో గీకితే ఊడి వస్తోంది. అన్నిటికీ ఫోటోలు జతచేశాను.

దగ్గర్లోని విత్తనాల దుకాణంలో ఇవే ఫోటోలు చూపించాను. ఆయన సరిగా చూడకుండానే నాలుగింటికీ ఒకే పొట్లం ఇచ్చి, లీటరుకు రెండు గ్రాములు కలిపి కొట్టమన్నారు. పొట్లం ఇంకా విప్పలేదు. పిల్లలు జామకాయలు కోసుకుని చెట్టు కిందే తినేస్తారు, నా బెంగ అది.

అల్వాల్_శ్రీను | ఆగస్టు 9, ఉదయం 8:40

ఆ పొట్లం కార్బెండజిమ్ 12 శాతం, మాంకోజెబ్ 63 శాతం కలిసిన పొడి అయి ఉంటుంది. సాఫ్ అంటారు. మా ఇంట్లో దానిమ్మకూ గులాబీలకూ వానాకాలమంతా అదే. అంత ఆలోచన ఎందుకండీ, కలిపి కొట్టేయండి. ఆలస్యం చేస్తే చెట్టు బోడి అవుతుంది.

ఆకుచదువు | ఆగస్టు 9, ఉదయం 10:05

శ్రీను గారూ, కాస్త ఆగుదాం. సుధమ్మా, ఆకుకు రెండు వైపులా ఫోటోలు తీశారు, సంతోషం. చాలామంది పై వైపు ఒక్కటే తీసి పంపి, పేరు చెప్పమంటారు.

నాలుగు చెట్లకూ నాలుగు వేరు వేరు సంగతులు. మామిడిది పక్షికన్ను తెగులు, ఆంత్రాక్నోస్ అనేది ఇదే. కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం చేసే పని. అంజీరది తుప్పు తెగులు, అదీ శిలీంధ్రమే. నిమ్మది గజ్జి తెగులు. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది కాబట్టి ఆ పొట్లంలోని కార్బెండజిమ్ దాన్ని తాకను కూడా తాకదు. జామ మీద ఉన్న మసి శిలీంధ్రమే కానీ ఆకు లోపలికి పోదు. ఏదో పురుగు విసర్జించిన తీపి జిగురు మీద పైపైన పెరుగుతుంది. పురుగు ఉన్నంతకాలం మసి వస్తూనే ఉంటుంది.

అంటే దుకాణదారు ఇచ్చిన మందుకు నాలుగింటిలో రెండు చోట్లే పని ఉంది. ఆ రెండు చోట్లయినా, మచ్చ పడిన ఆకును ఏ మందూ బాగుచేయదు. పిచికారీ రాబోయే ఆకును కాపాడటానికే. ఈ ఒక్క మాట పట్టుకుంటే మందుల ఖర్చు సగం తగ్గుతుంది.

జామ ఆకుల అడుగున ఏముందో చూసి చెప్పండి.

సుధ_సైనిక్‌పురి | ఆగస్టు 9, సాయంత్రం 6:20

చూశాను మాస్టారూ. తెల్లని మైనం గీతలు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. కొమ్మ కదిపితే చిన్న తెల్లని ఈగలు లేస్తున్నాయి.

మిద్దెతోట_మణి | ఆగస్టు 9, రాత్రి 7:45

సుధా, అది సర్పిలాకార తెల్లదోమ. మైనం చుట్టల్లోనే గుడ్లు పెడుతుంది. హైదరాబాదులో జామ ఉన్న ఇంటికి ఇది తప్పదు. దీని దగ్గరి చుట్టం ఒకటి 2016లో తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో మొదట కనబడి, తరువాత ఇటు వైపూ వచ్చింది. మీ వీధిలో కొబ్బరి ఉంటే దాని ఆకుల అడుగున కూడా చూడండి.

నేను చేసేది చెబుతాను. ముందు గొట్టం నోరు బొటనవేలితో నొక్కి, ఆకుల అడుగుకు నీళ్ళు జోరుగా కొట్టండి. ఉదయం పూట మాత్రమే, సాయంత్రానికి ఆకు ఆరిపోవాలి. పూర్తిగా తెల్లబడిన ఆకులు తుంచి సంచిలో కట్టి పారేయండి. రెండు రోజులాగి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కాస్త ద్రవ సబ్బు వేసి అడుగు భాగం తడిసేలా కొట్టండి. వారం పది రోజులకొకసారి మళ్ళీ కొడుతూ ఉంటే అదుపులోకి వస్తుంది.

మసి పోవడానికి మైదా గంజి ఉంది. పావుకిలో మైదా కొంచెం నీళ్ళలో ఉడికించి, చల్లారాక ఐదు లీటర్లకు పెంచి వడగట్టి కొట్టాలి. ఎండకు గంజి ఎండి పెళుసై మసితో సహా పొరలుగా రాలుతుంది. మబ్బుగా ఉన్న రోజు చేస్తే గంజి అక్కడే ఉండి కొత్త బూజు పడుతుంది, కాబట్టి వాన తెరిపి ఇచ్చి ఎండ కాసేదాకా ఆగాల్సిందే.

ఆకుచదువు | ఆగస్టు 9, రాత్రి 8:10

మణిగారి వరస సరైనది. తెల్లదోమను వదిలేసి గంజి మాత్రం కొడితే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే గట్టు తుడిచినట్లే.

ఇంకో మాట. చెట్టు మొదట్లో చీమల బారు ఉంటే ముందు దాన్ని ఆపండి. తీపి కోసం చీమలు ఈ పురుగులకు కాపలా కాస్తాయి. కాండం చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు పూస్తే చాలు. గ్రీజు బెరడుకు నేరుగా పూయకండి.

దేశీతోట | ఆగస్టు 10, ఉదయం 6:30

ఇన్ని గ్రాములూ శాతాలూ చూస్తే ఆశ్చర్యంగా ఉంది. పుల్లటి మజ్జిగ అన్నిటికీ సరిపోతుంది. బాగా పులియబెట్టి, పదింతలు నీళ్ళు కలిపి, పదిహేను రోజులకొకసారి. మా ఇంట్లో ఏళ్ళుగా అదే, ఒక్క పైసా దుకాణానికి పెట్టలేదు. రసాయనం కొట్టిన కాయ పిల్లలకు ఎలా పెడతారండీ?

సంగారెడ్డి_రైతు | ఆగస్టు 10, ఉదయం 7:15

దేశీతోట గారూ, మీకు ఎన్ని చెట్లు? నాకు ఎకరాల్లో మామిడి ఉంది. ఈ వానకు పొద్దున కొట్టిన మజ్జిగ మధ్యాహ్నానికి నేల మీద ఉంటుంది. పక్షికన్ను పట్టిన తోటకు మజ్జిగ కొట్టి కూర్చుంటే మార్కెట్లో మచ్చల కాయను ఎవరు కొంటారు?

దేశీతోట | ఆగస్టు 10, ఉదయం 7:30

ఇక్కడ అడిగింది పెరటి చెట్టు గురించి, ఎకరాల గురించి కాదు. కాయ మీద రెండు మచ్చలుంటే కోసి తింటాం. మార్కెట్ లెక్క ఇంటికెందుకు?

ఆకుచదువు | ఆగస్టు 10, ఉదయం 9:00

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. పాల సంగతి ఉత్త నమ్మకం కాదు. బ్రెజిల్‌లో గుమ్మడి జాతి మొక్కల మీద పరీక్షించి, నీళ్ళలో కలిపిన పాలు బూడిద తెగులును బాగా అణచాయని 1999లో ప్రచురించారు. కానీ ఆ పరీక్ష గాజు ఇంట్లో, వాన తగలని చోట, బూడిద తెగులు మీద జరిగింది. ఆ శిలీంధ్రం ఆకు పైభాగాన పాకుతుంది కాబట్టి పైన పూసినది దానికి తగులుతుంది. పక్షికన్ను శిలీంధ్రం ఆకు లోపలికి దిగుతుంది, పైగా వానతోనే వ్యాపిస్తుంది. ఆగస్టులో మజ్జిగతో దాన్ని ఆపవచ్చని నేను చెప్పలేను. శీతాకాలంలో పెరటి రేగు మీదో బీర పాదు మీదో బూడిద కనబడితే మజ్జిగ తప్పక కొట్టి చూడండి.

ఇక పెరట్లో కాయ మీద రెండు మచ్చలుంటే కోసి తినవచ్చన్న మాటతో నాకు పేచీ లేదు. ఇంటి చెట్టుకు అందాల పోటీ లేదు.

నాచారం_నరేష్ | ఆగస్టు 10, మధ్యాహ్నం 1:10

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా మామిడికి కూడా ఇదే అనుకుంటున్నాను. ముదురు ఆకుల కొనలు, అంచులు ఇటుక రంగులోకి మారి మాడిపోతున్నాయి. మధ్యలో మచ్చలు లేవు. దుకాణంలో ఇచ్చిన మందు కొట్టినా తగ్గలేదు. చెట్టుకు బోరు నీళ్ళు పెడతాం.

ఆకుచదువు | ఆగస్టు 10, మధ్యాహ్నం 2:25

నరేష్ గారూ, మీ చెట్టుకు తెగులు లేదు. బోరు నీళ్ళ ఉప్పు అది. క్లోరైడు ఎక్కువైతే చెట్టుకు పొటాష్ సరిగా అందక ముదురు ఆకుల కొన నుంచి అంచుల వెంట మాడుతుంది. తెగులు మచ్చ అయితే ఆకు మీద ఎక్కడపడితే అక్కడ వస్తుంది. మీరు చెప్పినట్లు అంచునే పట్టుకుని, లేత ఆకులను వదిలేసి, ముదురు ఆకులనే మాడ్చదు. బాత్రూమ్ కుళాయికి తెల్లని పొలుసు కడుతూ ఉంటే ఆ నీళ్ళే చెట్టుకూ వెళుతున్నాయని గుర్తుపెట్టుకోండి.

వాన నీళ్ళు ఈ రెండు నెలలూ పాదులో నిలిచి ఇంకేలా చేయండి. మేడ మీది గొట్టం నీళ్ళు పాదులోకి మళ్ళిస్తే ఇంకా మంచిది, అడుగున పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. పశువుల ఎరువు వేయండి. పొటాష్ వేయాలనుకుంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు, అందులోనూ క్లోరైడే ఉంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అడగండి. మాడిన ఆకులు మళ్ళీ పచ్చబడవు, కొత్త చిగురు ఎలా ఉందో చూడాలి.

నగరంలో తెగులు అని నాకు చూపించే మామిడి ఆకుల్లో ఈ అంచు మాడిన ఆకులు చాలా ఎక్కువ. దుకాణాల్లో మాత్రం దీనికీ పొట్లమే ఇస్తారు.

నాచారం_నరేష్ | ఆగస్టు 10, మధ్యాహ్నం 2:40

కుళాయికి పొలుసు నిజమే. ధన్యవాదాలు మాస్టారూ.

సుధ_సైనిక్‌పురి | ఆగస్టు 10, రాత్రి 9:15

మరి నిమ్మ? మా ఇంట్లో అందరికీ దాని మీదే ప్రాణం. బ్యాక్టీరియా అంటే యాంటీబయాటిక్ పొడి కలపమని ఒక వీడియోలో చెప్పారు.

ఉప్పల్_తోటపని | ఆగస్టు 10, రాత్రి 9:50

నేను ఇళ్ళల్లో తోటపని చేస్తాను అక్కా. నిమ్మకు గజ్జి లేని ఇల్లు ఈ ఊళ్ళో తక్కువ. చెట్టును చంపదు, కాయ తొక్క గరుకవుతుంది, రసం బాగానే ఉంటుంది. ముందు ఆకు మీద పాము పాకినట్లు తెల్ల గీతలు ఉన్నాయా చూడండి. ఆకు తొలిచే పురుగు గీసిన గాట్లలోంచే గజ్జి లోపలికి పోతుంది. లేత చిగురు మీద వేపనూనె కొడితే పురుగు తగ్గుతుంది, దాంతో గజ్జీ తగ్గుతుంది.

బొడిపెలున్న పుల్లలు కత్తిరించి తీసేయండి, కానీ ఆకులు తడిగా ఉన్నప్పుడు చెట్టును ముట్టుకోకండి. చేతులతోనూ కత్తెరతోనూ కొమ్మకొమ్మకూ అంటించినట్లు అవుతుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు కత్తెరను స్పిరిట్‌తో తుడుస్తాను నేను. కత్తిరించాక కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, చిగురు వచ్చినప్పుడల్లా ఒకసారి.

ఆకుచదువు | ఆగస్టు 11, ఉదయం 8:00

పుస్తకంలో ఇంతకన్నా బాగా ఉండదు. యాంటీబయాటిక్ పొడి మాత్రం ఇంటి చెట్టుకు వద్దమ్మా. అది మనుషుల జబ్బులకు దాచుకోవలసిన మందు. పెరట్లో చల్లి క్రిములకు అలవాటు చేయడం ఎవరికీ మంచిది కాదు. రాగి చాలు.

నాచారం_నరేష్ | ఆగస్టు 11, ఉదయం 8:30

రాగి అంటే గుర్తొచ్చింది. మా తాతగారు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి బత్తాయికి కొట్టేవారు. ఇంట్లో కలుపుకోవచ్చా?

ఆకుచదువు | ఆగస్టు 11, ఉదయం 10:40

నిక్షేపంగా. అది బోర్డో మిశ్రమం. దాని కథ నాకు ఇష్టం కాబట్టి రెండు ముక్కలు చెబుతాను, తొందర ఉన్నవారు దాటేయండి. ఫ్రాన్స్‌లో బోర్డో పక్కన దారి వెంట ఉన్న ద్రాక్షను బాటసారులు తెంపుకు తినకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి తీగల మీద చల్లేవారు. నీలంగా విషంలా కనబడితే ముట్టరని. అమెరికా నుంచి వచ్చిపడిన బూజు తెగులు తోటలన్నీ ఊడ్చేస్తుంటే, 1882లో మిల్లార్డె అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఈ దారి పక్క తీగలకు మాత్రం ఆకులు నిలిచి ఉండటం గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం చేసిన ఏర్పాటు నూట నలభై ఏళ్ళుగా తోటలను కాపాడుతోంది.

ఒక శాతం ద్రావణానికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల మంచి సున్నం, 10 లీటర్ల నీళ్ళు. మైలుతుత్తం ఐదు లీటర్లలో ఒక ప్లాస్టిక్ బకెట్‌లో కరిగించాలి. ఇనుప బకెట్ అసలు పనికిరాదు. సున్నం ఇంకో ఐదు లీటర్లలో కలిపి వడగట్టాలి. తరువాత తుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో కలపాలి. ఆకాశనీలం రంగు వస్తుంది. మెరిసే ఇనుప మేకు ఒకటి ఒక నిమిషం ముంచి తీయండి. మేకుకు ఎర్రగా రాగి పట్టితే సున్నం చాలలేదు, మరికొంచెం కలపండి. ఆ పరీక్ష మానేస్తే ఆకులు మాడతాయి. కలిపిన రోజే వాడాలి, మర్నాటికి దాస్తే పనిచేయదు. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి, తుత్తం కంట్లో పడితే ప్రమాదం.

విచ్చిన పూత మీద, కోతకు వచ్చిన కాయల మీద కొట్టకండి. మామిడికి, అంజీరకు, నిమ్మకు మూడింటికీ పనికొస్తుంది. ఏటా అదే పనిగా కొడితే మట్టిలో రాగి పేరుకుంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. సహజమైనది అనుకుని లెక్క లేకుండా వాడేవారున్నారు.

అల్వాల్_శ్రీను | ఆగస్టు 11, ఉదయం 11:20

ఇంత తతంగం బదులు లీటరుకు 3 గ్రాముల బ్లైటాక్స్, అదే కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి, కలిపితే సరిపోదా మాస్టారూ?

ఆకుచదువు | ఆగస్టు 11, ఉదయం 11:35

సరిపోతుంది. అదీ రాగే. ఒకటి రెండు చెట్లున్నవారికి అదే సులువు. బోర్డో మాత్రం వానకు ఎక్కువ రోజులు అతుక్కుని ఉంటుంది.

సుధ_సైనిక్‌పురి | ఆగస్టు 11, రాత్రి 8:30

అసలు చిక్కు చెప్పలేదు. మామిడి అంత ఎత్తుంది. చేతి పంపుతో కొడితే నడుము ఎత్తు కొమ్మలకే అందుతుంది. మిగతాది నా నెత్తిన పడుతుంది.

సంగారెడ్డి_రైతు | ఆగస్టు 11, రాత్రి 9:05

అందుకే చర్చ పేరులో మీరే రాశారు కదమ్మా, కొమ్మలు కొట్టాలా అని. కొట్టాలి. మీ ఫోటోలో చెట్టు లోపల చీకటి ఉంది. వాన ఆగిన ఎన్నో గంటలకు గానీ లోపలి ఆకు ఆరదు. తెగులుకు కావలసింది ఆ తడే. గాలి, వెలుతురు లోపలికి రానిస్తే సగం మందు కొట్టినట్లే.

అయితే ఇప్పుడే చేయండి, దసరా దాకా ఆగవద్దు. మేము కాయ దింపగానే, జూన్‌లోనే మొదలుపెడతాం. ఆగస్టు దాటించి కత్తిరిస్తే వచ్చే చిగురు డిసెంబరుకు ముదరదు. ముదరని కొమ్మకు పూత రాదు. మళ్ళీ ఏడాది కాయ లేదని చెట్టును తిట్టుకోవాలి.

ఒకేసారి గుండు చేయించకండి. ఈ ఏడు నడి మధ్యన నిటారుగా పోయే పెద్ద కొమ్మ ఒకటి, లోపలికి తిరిగి ఒకదాన్నొకటి రాసుకునేవి, ఎండుపుల్లలు. వచ్చే ఏడు ఇంకొంచెం. మూడో ఏటికి నిచ్చెన వేసి చేత్తో కాయ కోసే ఎత్తుకు దించవచ్చు. పెద్ద కొమ్మను పైనుంచి ఒక్క కోతతో కోయనివ్వకండి, బరువుకు బెరడు కిందిదాకా చీలుతుంది. ముందు అడుగున కొంత కోసి, తరువాత పైనుంచి కోయాలి. కోసిన చోట కిలో తుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళ లెక్కన బోర్డో ముద్ద పూయాలి. మీకు చిన్న గిన్నెడు చాలు.

ఉప్పల్_తోటపని | ఆగస్టు 11, రాత్రి 9:40

చెట్లెక్కే మనిషిని పిలిచేముందు కరెంటు తీగలు చూసుకోండి అక్కా. తీగకు దగ్గరైతే విద్యుత్ కార్యాలయంలో చెప్పి సరఫరా ఆపించాకే ఎక్కించండి. డబ్బులు ముందే మాట్లాడుకోండి, కొట్టిన కొమ్మలు ఎవరు తీసుకెళ్ళాలో కూడా. చాలా ఇళ్ళల్లో గొడవ అక్కడే వస్తుంది.

మిద్దెతోట_మణి | ఆగస్టు 12, ఉదయం 7:00

అంజీరను అందరూ మరిచిపోయారు. నాకు మేడ మీద డ్రమ్ముల్లో అంజీరలున్నాయి, ఏటా వానాకాలం రెండో సగంలో తుప్పు వస్తుంది. కింది ఆకులకు మొదలై పైకి ఎక్కుతుంది. నేను మొదటి మచ్చ చూడగానే కింది వరస ఆకులు తీసేస్తాను. రాలినవి ఏ రోజువి ఆ రోజే ఊడుస్తాను. పక్కన డ్రమ్ముల మధ్య మనిషి నడిచేంత ఖాళీ పెట్టాక బాగా తగ్గింది. ఒక్క ఏడాది బాగా ముదిరితే మాంకోజెబ్ కొట్టాను, కాయలు లేని సమయంలో. అక్టోబరు, నవంబరులో ఆకు రాలితే నేను పట్టించుకోను. అంజీర ఎలాగూ చలికాలంలో ఆకు రాల్చే చెట్టు.

దేశీతోట | ఆగస్టు 12, ఉదయం 7:25

రాలిన ఆకులు పారేయడమెందుకు, కంపోస్టు చేయండి. బయట పడేస్తే భూమి తల్లికి తిండి లేకుండా చేసినట్లే.

ఆకుచదువు | ఆగస్టు 12, ఉదయం 9:10

కుప్ప బాగా వేడెక్కి, చేయి పెట్టలేనంతగా, 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే, మధ్యలో తిరగేస్తే, శిలీంధ్ర బీజాలు చాలావరకు చస్తాయి. ఇంట్లో బకెట్ కంపోస్టు అంత వేడెక్కదు. అందులో కుళ్ళబెట్టి అదే చెట్టు మొదట్లో వేస్తే తెగులును ఇంటికి తిరిగి పిలిచినట్లే. తెగులు ఆకులు చెత్త బండికి ఇవ్వండి, లేదా దూరంగా లోతుగా పూడ్చండి. మిగతా ఆకులన్నీ కంపోస్టుకు ఇచ్చుకోండి, భూమి తల్లి అలగదు. కాల్చడం మాత్రం వద్దు, పొగకు ఇరుగుపొరుగు తిట్లు మనకెందుకు.

సుధ_సైనిక్‌పురి | ఆగస్టు 12, రాత్రి 8:50

పిల్లలు, జామకాయల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆకుచదువు | ఆగస్టు 12, రాత్రి 9:20

జామకు శిలీంధ్రనాశిని అవసరమే లేదు కాబట్టి ఆ పొట్లం దాని దగ్గరికి తీసుకెళ్ళకండి. అక్కడ మణిగారి నీళ్ళు, వేపనూనె, గంజి.

మామిడికి ఇప్పుడు కాయ లేదు. కత్తిరింపు అయ్యాక వచ్చే చిగురుకు ఒకటి రెండుసార్లు రాగి మందు చాలు. పొట్లంలోని రెండు మందుల తేడా తెలుసుకోండి. మాంకోజెబ్ ఆకు పైనే ఉంటుంది, కార్బెండజిమ్ మొక్క లోపలికి పోతుంది. లోపలికి పోయినది కాయను కడిగితే పోదు. శ్రీను గారు చెప్పినట్లు వానాకాలమంతా అదే వాడితే శిలీంధ్రం కూడా దానికి అలవాటు పడుతుంది. ఏ మందైనా డబ్బా మీద కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ఉంటుంది, చదవండి. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు త్రికోణాలు పిల్లలున్న ఇంట్లోకి రానివ్వకండి. ఆకుపచ్చ ఉంది కదా అని చొక్కా లేకుండా కొట్టకండి.

అనుమానం వస్తే 1800-180-1551కు ఫోన్ చేయండి. కిసాన్ కాల్ సెంటర్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెరటి చెట్టయినా సమాధానం చెబుతారు.

అల్వాల్_శ్రీను | ఆగస్టు 12, రాత్రి 9:35

మా దానిమ్మ బాగానే ఉంది మాస్టారూ, నేను మార్చను. కానీ చొక్కా వేసుకుంటాను.

సుధ_సైనిక్‌పురి | జనవరి 4, ఉదయం 7:50

పాత చర్చను పైకి తెస్తున్నాను. ఆగస్టులోనే నడి కొమ్మ, అడ్డ కొమ్మలు తీయించాం. జామ శుభ్రంగా ఉంది. నిమ్మకు గజ్జి ఉంది కానీ కొత్త ఆకుల మీద తక్కువ. ఇప్పుడు మామిడి నిండా పూత. నిన్నటి నుంచి కొన్ని పూత రెమ్మల మీద తెల్లని పిండి చల్లినట్లు ఉంది, పూమొగ్గలు రాలుతున్నాయి. వాన లేదు కదా, ఇది ఎలా వచ్చింది?

ఆకుచదువు | జనవరి 4, ఉదయం 9:00

బూడిద తెగులు. దీని తీరు వేరు. పక్షికన్నుకు ఆకు తడవాలి, దీనికి అక్కరలేదు. చల్లని రాత్రులు, పొద్దుటి మంచు, గాలిలో తేమ చాలు, బీజాలు గాలికి ఎగిరి వస్తాయి. గట్టి వాన పడితే ఇంకా తగ్గుతుంది. అందుకే సంక్రాంతి ముందు మన ఊళ్ళో మామిడి పూతకూ, రేగు చెట్లకూ ఇదే కాలం.

సంగారెడ్డి_రైతు | జనవరి 4, ఉదయం 9:30

పాత రోజుల్లో అయితే కారాథేన్ లీటరుకు ఒక మిల్లీలీటరు. లేకపోతే కాలిక్సిన్.

ఆకుచదువు | జనవరి 4, ఉదయం 9:45

ఆ రెండూ ఇక లేవు. కాలిక్సిన్‌లోని ట్రైడిమార్ఫ్‌ను కేంద్రం 2018లో, కారాథేన్‌లోని డైనోక్యాప్‌ను 2023లో నిషేధించింది. పాత కరపత్రాల్లో, వాటిని చూసి తీసిన వీడియోల్లో ఇంకా కనబడుతున్నాయి. ఎవరైనా పాత సరుకు అంటగట్టినా తీసుకోకండి.

సుధమ్మా, నీటిలో కలిసే గంధకం 80 శాతం పొడి, లీటరుకు 3 గ్రాములు. పూత ఇంకా విచ్చని రెమ్మలకు ముందు కొట్టండి, సాయంత్రం ఎండ తగ్గాక, తేనెటీగలు గూటికి చేరాక. పదిహేను రోజులకు మళ్ళీ చూసి, అవసరమైతే ఇంకోసారి. ఎండ 32 డిగ్రీలు దాటితే గంధకం ఆకునూ పూతనూ మాడుస్తుంది. ఫిబ్రవరి చివరికి మన దగ్గర ఇక గంధకం మాటే ఎత్తవద్దు.

దేశీతోట | జనవరి 4, ఉదయం 10:10

గంధకం ప్రకృతిలోనిదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. దానికి వేపనూనె కలిపితే పూత రసం పీల్చే తేనెమంచు పురుగు కూడా పోతుంది కదా, ఒకే దెబ్బకు రెండూ.

ఆకుచదువు | జనవరి 4, ఉదయం 10:20

కలపకూడదు! నూనె, గంధకం కలిస్తే ఆకు మాడిపోతుంది. రెండింటికీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. పురుగు లేకపోతే నూనె ఊసే వద్దు. రెమ్మను తట్టి చూడండి, గింజంత పురుగులు చిటచిటమని గెంతితేనే ఉన్నట్లు. మీరు చెప్పిన పుల్లటి మజ్జిగకు మాత్రం సరైన అదను ఇదే. చేతికందే కింది రెమ్మలకు ఒక పక్క మజ్జిగ, ఇంకో పక్క గంధకం కొట్టి పోల్చి చూడమని సుధగారిని అడగండి. నాకూ ఫలితం చూడాలని ఉంది.

సుధ_సైనిక్‌పురి | జనవరి 4, మధ్యాహ్నం 12:30

తప్పకుండా. తూర్పు వైపు మజ్జిగ, పడమర గంధకం. పై కొమ్మల మాటేమిటి?

ఉప్పల్_తోటపని | జనవరి 4, మధ్యాహ్నం 1:05

కాలితో తొక్కే పంపు, వెదురు గడకు కట్టే పొడవాటి గొట్టం నా దగ్గర ఉన్నాయి అక్కా. మేడ మీద నుంచి కొడితే చాలావరకు అందుతుంది. పక్కవారికి ముందే చెప్పి, ఆరేసిన బట్టలు తీయించండి. అందని చిటారు కొమ్మలు వదిలేద్దాం, ఆ కాయలు ఎలాగూ చిలకలవే.

మియాపూర్_లత | జనవరి 5, ఉదయం 6:55

మా సపోటా ఆకుల మీద చిన్న చిన్న గుండ్రని మచ్చలు, మధ్యలో బూడిద రంగు, అంచు గులాబీ గోధుమ. దీనికీ గంధకమేనా?

ఆకుచదువు | జనవరి 5, ఉదయం 8:15

కాదమ్మా, అది సపోటా ఆకుమచ్చ తెగులులా ఉంది, దానికి రాగి మందో మాంకోజెబో. కానీ మాటలను బట్టి ఖాయం చేయను. వేరే చర్చ మొదలుపెట్టి ఆకుకు రెండు వైపులా ఫోటోలు పెట్టండి. చెట్టు ఎంత నీడలో ఉందో, నీళ్ళు ఆకుల మీద పడేలా పోస్తారా మొదట్లో పోస్తారా, అది కూడా రాయండి.